మైకుసెట్టువాడి చెవితో స్పెయిన్

రికార్డు పెట్టి నిమిషం కాకుండానే ఆపేసి, వీధి గుమ్మంలోకి వెళ్ళి చూశాను. నలుగురైదుగురు ఒక్కసారిగా అరిచినట్టు, చప్పట్లు కొట్టినట్టు, మడమలతో నేలని తన్నినట్టు వినబడింది. రాత్రి పదకొండు దాటింది. ఆషాఢం, వాన పడి వెలిసింది. ఎదురింటి అరుగు మీద కుక్క తప్ప వీధిలో పురుగు లేదు. వెనక్కొచ్చి మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. అదే చోట అదే అరుపు. "ఓలే! ఓలే!" అని, స్పెయిన్‌వాళ్ళ శభాష్ అది. అరిచింది మా వీధివాళ్ళు కాదు. 1961లో జెనీవాలోని విక్టోరియా హాల్లో, మైకులకి ఎడంగా నిలబడ్డవాళ్ళు.

ముప్పై ఏళ్ళుగా మైకులతోనే అన్నం తింటున్నవాణ్ణి. నన్ను గుమ్మం దాకా నడిపించిందంటే ఆ రికార్డింగులో ఏదో ఉంది. అదేమిటో తేలేదాకా నిద్ర పట్టలేదు.

మాది పాలకొల్లు. నాన్నగారి కాలం నుంచి మైకుసెట్టు వ్యాపారం. పెళ్ళిళ్ళు, హరికథలు, కూచిపూడి ప్రోగ్రాములు, ఎలక్షన్లొస్తే ఆటో మీద హార్నులు. హైస్కూల్లో ఆగస్టు పదిహేనుకి బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించేవాణ్ణి. నా సంగీత జ్ఞానం అంతవరకే, ముందే ఒప్పేసుకుంటున్నా. ఆషాఢంలో మాకు బేరాలుండవు. బాక్సుల దుమ్ము దులుపుకోవడం, తెగిన వైర్లకి సోల్డరింగ్ పెట్టుకోవడం, అంతే పని. ఆ ఖాళీలోనే మా వీధి చివర వీణ మాస్టారు ఆంప్లిఫయర్ పట్టుకొచ్చారు.

"ఒక పక్కే పలుకుతోందోయ్, చూసిపెట్టు."

బాగుచేశాక పరీక్షకి ఆయన రికార్డు ప్లేయరు తెప్పించి, ఆయన దగ్గరున్న ఒక పాత ఎల్పీ పెట్టాను. రష్యావాడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ రాసిన 'కాప్రీచియో ఎస్పాన్యోల్'. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, "నీ డ్రమ్ము కూడా వస్తుంది, ఉండు" అన్నారు. వచ్చింది. ఆ రోజు నుంచి మొదలైంది ఈ పిచ్చి. నెలరోజుల్లో స్పెయిన్ వాసన కొట్టే ఆర్కెస్ట్రా రికార్డింగులు పాతికదాకా విన్నాను. అందులో నిలబడ్డవాటి గురించే ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. ఒక్కటే వినాలంటే స్పెయిన్‌వాడు మాన్యుయెల్ దె ఫాయా రాసిన 'మూడు కొమ్ముల టోపీ', కండక్టరు ఎర్నెస్ట్ అన్సెర్మే డెక్కా అనే రికార్డు కంపెనీకి చేయించిన రికార్డింగు. రెండోది కావాలంటే అతావుల్ఫో అర్హెంతా చేయించిన 'ఎస్పాన్యా' అనే డెక్కా రికార్డు. 'బెస్ట్ ఆఫ్ స్పెయిన్' అని ఎర్రగౌను, గులాబీ పువ్వు అట్టమీద వేసి, లోపల వాయించింది ఎవరో పేరు కూడా వేయని సీడీల జోలికి పోకండి. ఒకటి కొన్నాను. వంటనూనెలో ఏ గింజ ఉందో చెప్పనివాడి దగ్గర నూనె కొన్నట్టయింది.

సరే, ఆ ఓలే సంగతి.

'మూడు కొమ్ముల టోపీ' బాలే, అంటే మాటల్లేని నాట్యనాటకం. ఒక మిల్లు యజమాని, అతని అందమైన పెళ్ళాం, ఆమె మీద కన్నేసిన ముసలి మేజిస్ట్రేటు. మూడు కొమ్ముల టోపీ ఆ మేజిస్ట్రేటు హోదాకి గుర్తు. చివరికి ఊరంతా కలిసి అతణ్ణి దుప్పట్లో వేసి ఎగరేస్తారు. మన వీధి భాగోతాల్లో పెట్టదగ్గ కథే. 1919 జూలైలో లండన్ అల్హంబ్రా థియేటర్లో మొదటిసారి ఆడింది. తెరలూ దుస్తులూ పికాసో వేశాడు. ఆయన వేసిన ముందుతెర జనం తీరిగ్గా చూడటానికి కాస్త వ్యవధి కావాలని, ఫాయా ఆ మొదటి ముక్క విడిగా రాసి అతికించాడు. తప్పెట లాంటి పెద్ద టింపానీ మోత, ట్రంపెట్లు, ఆ వెనకే కాస్టనెట్లు అనే చేతిచెక్కలు, చప్పట్లు, ఓలేలు. అవన్నీ ఆగాక తెర వెనక నుంచి ఒక ఆడగొంతు: ఓ ఇల్లాలా, తలుపుకి గడియ వేసుకో, దెయ్యం నిద్రపోతున్నా ఎప్పుడు లేస్తుందో తెలీదు, అని.

ఇక్కడుంది అసలు పని. ఆ గొంతు తెరేసా బెర్గాన్సాది, మాడ్రిడ్ మనిషి, పేరుమోసిన ఆపెరా గాయని. మావాళ్ళెవరైనా అయితే అంత పెద్ద గాయని వచ్చింది కదా అని మైకు మూతికి ఆనించి పెట్టేవాళ్ళు. నేనైనా అంతే. డెక్కావాళ్ళు ఆమెని వెనక ఉంచారు. పక్కింట్లో ఎవరో పాడుకుంటుంటే మన పెరట్లో నిలబడి విన్నట్టుంటుంది. మాటలు తెలియవు కానీ ఆ దూరం వల్లే అది పాటలా కాక హెచ్చరికలా తగులుతుంది. నా బాక్సుల మధ్య గోడ కనబడటం మానేసి, ఆ గోడ వెనక ఒక సందు, సందు చివర ఒక ఇల్లు ఉన్నట్టు తోచింది. అతిశయోక్తి అనుకుంటే అనుకోండి.

అన్సెర్మే సంగతి ఇంకో విశేషం. 1919లో లండన్లో మొదటి ప్రదర్శనకి కర్ర పట్టుకుని నిలబడ్డది ఆయనే. నలభై రెండేళ్ళ తర్వాత స్టీరియోలో రికార్డు చేసిందీ ఆయనే. సంగీతంలోకి రాకముందు లెక్కల మాస్టారు. వింటే తెలుస్తుంది. ఎక్కడా తొందరపడడు, ఎక్కడా జనాన్ని రెచ్చగొట్టడు, ఒక్కో అడుగూ కొలిచి వేస్తాడు. మిల్లువాడి నాట్యం 'ఫరూకా' చూడండి. ముందు హార్ను అనే ఇత్తడి వాయిద్యం పిలుస్తుంది, దానికి కోర్ ఆంగ్లే అనే బొంగురు గొంతు వాయిద్యం జవాబిస్తుంది, ఆ తర్వాత వయొలిన్లూ చెల్లోలూ అన్నీ కలిసి దబ్ దబ్‌మని తొక్కుతాయి. తీగలవాయిద్యాలకి కాళ్ళున్నాయని నాకు అప్పుడే తెలిసింది. కూచిపూడి ప్రోగ్రాములకి గజ్జెల చప్పుడు కోసం స్టేజి నేలమీద ఒక మైకు పడుకోబెడతాం. నేల మోత వేరు, గజ్జె మోత వేరు. బల్ల కింద బోలుగా ఉంటే అడుగు బరువు వినబడుతుంది. ఈ రికార్డులో ఆ బరువు ఉంది. చివర్లో వేగం పెంచేచోట కూడా అన్సెర్మే పెద్దమనిషిలాగే పెంచుతాడు, పరుగెత్తడు. అక్కడ మాత్రం నాకు కొంచెం అసంతృప్తి.

లోపాలు లేవని కాదు. ఆయన ఆర్కెస్ట్రా స్విస్ రొమాండ్, 1918లో ఆయనే పెట్టుకున్నది. లండన్, బెర్లిన్ వాళ్ళంత పకడ్బందీ కాదు. వయొలిన్లు ఒక్కోచోట పలచబడతాయి, సన్నాయిలాంటి ఒబోలు ముక్కుతో మాట్లాడతాయి, గాలివాయిద్యాల శ్రుతి ఒకటి రెండు చోట్ల నలుసంత పక్కకి పోతుంది. ఇదే బాలేని షార్ల్ ద్యుత్వా మాంట్రియల్ ఆర్కెస్ట్రాతో 1981లో డిజిటల్లో చేయించాడు. అందులో నలుసు దొరకదు. అన్నీ నున్నగా, మెరుగ్గా, కింది సౌండు మెత్తగా ఉంటాయి. మా అబ్బాయి అదే బాగుందంటాడు. నాకు కడిగిన రొయ్యలా అనిపించింది. శుభ్రమే, ఏటి వాసన పోయింది.

ఒక సరదా ముక్క. పోలీసులు మిల్లువాణ్ణి పట్టుకుపోవడానికి వచ్చి తలుపు కొట్టేచోట హార్ను నాలుగు స్వరాలు వాయిస్తుంది. బేతోవెన్ ఐదో సింఫనీ మొదట్లో వచ్చే ఆ నాలుగే. మాస్టారు అది పట్టేసి కుర్చీలో ఊగిపోయారు. నాకు ఆయన వివరించి చెబితే గానీ నవ్వు రాలేదు.

ఇంతకీ ఆ దూరం ఎలా తెచ్చారు? మావాడొకడు హైదరాబాదు స్టూడియోలో పనిచేస్తాడు, ఫోను చేసి అడిగాను. "డెక్కా ట్రీ గురించి వినలేదా అన్నా?" అని వాడు నవ్వాడు. 1950ల మొదట్లో డెక్కా ఇంజనీర్లు కనిపెట్టిన పద్ధతి. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఒక చట్రం. దానికి మూడు మైకులు, ఎడమ ఒకటి, కుడి ఒకటి, మధ్యది కొంచెం ముందుకి. ఆ చట్రాన్ని కండక్టరు నెత్తిమీద, నేల నుంచి సుమారు మూడు మీటర్ల ఎత్తున నిలబెడతారు. అన్ని వైపుల శబ్దాన్నీ తీసుకునే మైకులవి. అవసరమైతే పక్కల మరో రెండు కలుపుకుంటారు గానీ, ప్రాణం ఆ మూడింటిలోనే. అంటే ఎనభై తొంభైమంది వాయిస్తుంటే మూడు చెవులు. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకున్నారు, హాలు గోడ ఎంత దూరం, అన్నీ దానంతటవే వచ్చి పడతాయి.

నేను పెళ్ళిలో సన్నాయికి ఒకటి, డోలుకి రెండు, శ్రుతికి ఒకటి, తాళానికి ఒకటి పెడతాను. అన్నీ ఒకే దూరంలో, చెవి పక్కనే, ఒకదాన్ని మించి ఒకటి. ఇన్నేళ్ళూ దాన్నే క్లియర్ సౌండ్ అనుకున్నాను.

ఇప్పుడు అర్హెంతా. ఈయన స్పెయిన్ దేశస్థుడే, ఉత్తరాన సముద్రం ఒడ్డున కాస్ట్రో ఉర్దియాలేస్‌లో పుట్టాడు. 1950ల రెండో సగంలో, స్టీరియో ఇంకా పసిబిడ్డగా ఉన్న రోజుల్లో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కింగ్స్‌వే హాల్లో ఈ 'ఎస్పాన్యా' రికార్డు చేయించాడు. ఆ హాలు మెథడిస్టు చర్చివాళ్ళది. దాని కిందనుంచి భూగర్భ రైలు పోయేది. ఆ రైలు గుర్రుమనడం అక్కడ చేసిన రికార్డింగుల్లో అక్కడక్కడ పడుతుందని ప్రతీతి. నేనూ పెద్ద బాక్సులు తగిలించి, చీకట్లో కూర్చుని వెతికాను. ఒకచోట ఏదో గుర్రుమంది. రైలో, మా టేబుల్ ఫ్యానో తేలలేదు. ఇప్పుడా హాలు లేదు, పడగొట్టేశారు. అర్హెంతా కూడా ఎక్కువకాలం లేడు. 1958 జనవరిలో, నలభై నాలుగేళ్ళకి, గరాజులో కారు ఇంజను నడుస్తుండగా కార్బన్ మోనాక్సైడ్‌కి పోయాడు. అది తెలిశాక ఈ రికార్డు పెట్టినప్పుడల్లా మొదటి రెండు నిమిషాలూ మనసు అదోలా ఉంటుంది. తర్వాత ఆ సంగీతమే మరిపిస్తుంది.

ఈ రికార్డులో ఉన్న కాప్రీచియో 1887 నాటిది. రాసిన రిమ్‌స్కీ-కోర్సకోవ్ అంతకుముందు పదేళ్ళకి పైగా రష్యా నౌకాదళం బ్యాండ్లకి ఇన్స్పెక్టరుగా పనిచేశాడు. బ్యాండ్ల ఇన్స్పెక్టరు! ఆ మాట చదివాక ఆయనమీద అభిమానం రెట్టింపయింది. ఏ వాయిద్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏది ఎంతసేపు పట్టగలదో తెలిసినవాడు రాసినట్టే ఉంటుంది. పీటర్స్‌బర్గులో రిహార్సల్ జరుగుతుంటే వాయించేవాళ్ళే ఆపి చప్పట్లు కొట్టారట. ఆయన మురిసిపోయి ఆ ఆర్కెస్ట్రాకే అంకితమిచ్చి, వాయించినవాళ్ళ పేర్లన్నీ స్కోరు, అంటే స్వరాల పుస్తకం, మొదట్లో అచ్చువేయించాడు. మా బ్యాండువాళ్ళ పేర్లు శుభలేఖ మీద వేసిన పెళ్ళి నేనింతవరకు చూడలేదు.

నాలుగో భాగం మొదట్లో సైడ్ డ్రమ్ము రోల్ ఒకటి వస్తుంది, ఆ రోల్ మీద ఇత్తడి వాయిద్యాలు సభ తీర్చినట్టు పిలుస్తాయి. ఆ తర్వాత వయొలిను, ఫ్లూటు, క్లారినెట్, హార్పు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ విద్య చూపిస్తారు. మన తనియావర్తనం కాదు గానీ ఆ ఠీవి అదే. రోల్ వాయించడం ఎంత కష్టమో వాయించినవాడికే తెలుసు. గట్టిగా కొట్టడం ఎవడైనా కొడతాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు కనబడకుండా, గింజలు గుమ్మరించినట్టు, గొంతు పెంచకుండా పట్టి ఉంచాలి. హైస్కూల్లో మా డ్రిల్లు మాస్టారు దీనికోసం బెంచీమీద పుస్తకం పెట్టి దానిమీద కర్రలతో సాధన చేయించేవారు. ఈ రికార్డులో ఆ డ్రమ్ము వెనక వరసలో, కుడికి కొంచెం జరిగి ఉన్నట్టు నా చెవికి పడింది. చర్మం కింద బిగించిన తీగ చిటపట కూడా వినబడుతుంది, కానీ చెవిలో దూరదు. కాస్టనెట్లూ అంతే. మన హరిదాసుల చిడతల్లాంటివే అవి, గజ్జెలు లేని గుల్ల చెక్కలు. మైకు దగ్గరుంటే చెవిలో పేలాలు వేయించినట్టుంటుంది. ఇక్కడ మాత్రం గది అవతల ఎవరో ఆడుతున్నట్టు ఉంటాయి.

వయొలిన్లని గిటార్లలా మీటమన్న చోటొకటి ఉంది. అర్హెంతా ఆ మీటుడు పొడిగా, బిగువుగా చేయిస్తాడు. మిగతావాళ్ళు చాలామంది దాన్ని తేనెలో ముంచుతారు. స్పెయిన్ అంటే పంచదార అనుకునేవాళ్ళకీ, ఎండ అనుకునేవాడికీ తేడా అది. ఇదే రికార్డులో ఫ్రెంచివాడు షబ్రియే రాసిన 'ఎస్పాన్యా' ఉంది, ఆరు నిమిషాల ముక్క. షబ్రియే ప్రభుత్వ గుమాస్తాగా ఏళ్ళతరబడి పనిచేసి, ఉద్యోగం మానేశాక 1882లో స్పెయిన్ అంతా తిరిగి, మరుసటి ఏడు ఇది రాశాడు. మూడు మాత్రల నడకలో రెండు మాత్రల దెబ్బలు ఇరికించి, ఎక్కడ అడుగు వేయాలో తెలియకుండా చేస్తాడు. తిశ్రంలో వేలు లెక్కపెడుతూ మాస్టారే రెండుసార్లు తప్పారు. మూడోసారి లెక్క మానేసి ఊరికే విన్నారు.

రెండు ఫిర్యాదులు. ఈ రికార్డు పాత ఎల్పీ కోసం ఆన్‌లైన్లో ఒక సెకండ్‌హ్యాండ్ వ్యాపారికి రెండువేల ఎనిమిదివందలు కట్టాను. అప్పడంలా వంకరపోయి వచ్చింది. సూది ఎక్కుతూ దిగుతూ పడవలో పోతున్నట్టుంది. ఫొటో పెట్టి అడిగితే "సార్, పాత సరుకు అలాగే ఉంటుంది" అన్నారు, డబ్బు వెనక్కి రాలేదు. సీడీగా మళ్ళీ వేశారు, అదే తీసుకోండి. రెండోది, ఫోన్లో ఉచితంగా పాటలు వినిపించే ఒక యాప్. కాప్రీచియోలో నాలుగో భాగం జిప్సీ పాట వేడెక్కి, ఊపిరి తీసుకోకుండా ఆఖరి భాగం ఫందాంగో నాట్యంలోకి దూకాలి. సరిగ్గా ఆ దూకే చోట "ఇంటి రుణం కావాలా?" అని ఒక ఆడగొంతు. బావి మీదనుంచి గెంతినవాణ్ణి మధ్యలో ఆపి పేరడిగినట్టుంది. ఇలాంటి సంగీతానికి డబ్బు కట్టే యాప్ అయినా వాడాలి, ఫైలు దించుకునైనా వినాలి. యాప్ సెట్టింగుల్లో పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా చేసే మీట ఉంటే అది కూడా నొక్కండి.

ఫ్రెంచివాడు దెబుసీ రాసిన 'ఇబేరియా' మొదటిసారి విన్నప్పుడు నాకు ఎక్కలేదు. పాట మొదలవుతుందేమో అని ఎదురుచూస్తుండగానే మారిపోతుంది. దెబుసీ స్పెయిన్‌లో గడిపింది కొన్ని గంటలే, సరిహద్దు దాటి సాన్ సెబాస్టియన్‌లో ఎద్దులపోరు చూసి వెనక్కెళ్ళిపోయాడు. ఆ సంగతి చెప్పింది ఫాయానే, చెబుతూనే ఇది అసలైన స్పెయిన్ అని మెచ్చుకున్నాడు. షికాగో ఆర్కెస్ట్రాతో ఫ్రిట్జ్ రైనర్ 1957లో ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి చేయించిన రికార్డింగు ఒక తెల్లవారుజామున, కరెంటు అప్పుడే వచ్చాక, తక్కువ సౌండులో పెట్టుకున్నాను. రెండో భాగం రాత్రి పరిమళాల గురించి. అది ఎక్కడ అయిపోయి మూడో భాగం పండుగ ఉదయం ఎక్కడ మొదలైందో చెప్పలేం. దూరంగా గంటలు, ఇంకా నిద్రమత్తులో ఉన్న వయొలిన్లు, ఎక్కడో చిన్నగా కవాతు. మా ఊళ్ళో తెల్లవారుజామున క్షీరారామం గుడి మైకు, చర్చి గంట, పాల సైకిలు ఒకదాని వెంట ఒకటి వినబడే వరస గుర్తొచ్చింది. ఎక్కడిదక్కడ ఉంటేనే కదా తెల్లారినట్టుండేది. రైనర్ కర్కశుడని పేరు. ఇక్కడ ఆ కర్కశత్వం మేలే చేసింది, ఏ వాయిద్యమూ తన చోటు వదిలి ముందుకి తోసుకురాదు.

రావెల్ 'బొలేరో' గురించి ఇక్కడ రాయకపోతే ఊరుకోరు. ఆయన ఫ్రెంచివాడే గానీ, తల్లి స్పెయిన్ సరిహద్దులోని బాస్క్ మనిషి, స్పెయిన్‌లో పెరిగింది. 1928లో ఇదా రూబిన్‌స్టైన్ అనే నర్తకి కోసం రాశాడు. సైడ్ డ్రమ్ము చిన్న లయ ఒకటి పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా 169 సార్లు వాయిస్తుంది. ఒక్కో చుట్టుకి 24 దెబ్బలు. లెక్కేస్తే నాలుగువేల పైచిలుకు. నేను షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద రికార్డుతోపాటు వాయించి చూశాను. ఏడో నిమిషంలో ఎడమచేయి మొరాయించింది. దెబ్బలు కష్టం కాదు, మొదటి మూడు నిమిషాలు చీమ నడిచినంత చప్పుడుతో వాయించడం కష్టం. ద్యుత్వా మాంట్రియల్ రికార్డింగు ఒక చర్చిలో చేసింది, డ్రమ్ము ఎక్కడో గర్భగుడిలోంచి వచ్చినట్టు మొదలవుతుంది. అది సరిగ్గా వినబడక సౌండు పెంచాను. పదమూడో నిమిషానికి మా ఆవిడ వచ్చి ప్లగ్గు పీకింది. కాబట్టి ముందు ఆఖరి నిమిషం పెట్టి, ఇంట్లోవాళ్ళు భరించేంత సౌండు చూసుకుని, అప్పుడు మొదట్నుంచి వినండి, మధ్యలో నాబ్ ముట్టుకోకండి. సంగీతంగా మాత్రం మూడోసారికి నాకు విసుగొచ్చింది. డ్రమ్ము వాయించినవాడిగా గౌరవం, వినేవాడిగా చాలు.

మాస్టారికి నచ్చింది వేరే. స్పెయిన్‌వాడు అల్బేనిజ్ పియానోకి రాసిన 'స్పానిష్ సూట్'ని రఫాయెల్ ఫ్రూబెక్ దె బుర్గోస్ ఆర్కెస్ట్రాకి మార్చి, న్యూ ఫిల్హార్మోనియాతో 1960ల చివర్లో డెక్కాకి రికార్డు చేశాడు. అందులో 'అస్తూరియాస్' అనే ముక్కని గిటారు మీద అందరూ విని ఉంటారు. పేరు ఉత్తరాది ప్రాంతానిది, సంగీతం దక్షిణాది అందలూసియాది. అల్బేనిజ్ పోయాక ప్రచురించినవాళ్ళు ఆ పేరు తగిలించారు. మాస్టారు కళ్ళు మూసుకుని విని, "వకుళాభరణం ఛాయ" అన్నారు. వీణ తీసి స రి1 గ3 మ1 ప ద1 ని2 వాయించి చూపించారు. నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. ఆయన మాత్రం వెంటనే వీణ పక్కన పెట్టి, "స్వరాలు అవేనోయ్. రాగం కాదు. గమకం ఏదీ?" అన్నారు. ఆర్కెస్ట్రా చేసిన తీరు మీద కూడా ఆయనకి ఫిర్యాదే. గిటారు మీద నిప్పురవ్వలా ఉండేదాన్ని దావానలం చేశాడన్నారు. నాకు ఆ దావానలమే నచ్చింది. పెద్ద బాక్సులు పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి ట్రాక్ నా దగ్గర లేదు.

రోద్రీగో గిటారుకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన 'అరాన్‌హుఎస్' కచేరీ గురించి ఒక్కమాట. మూడేళ్ళ వయసులో డిఫ్తీరియా వల్ల చూపు పోయిన మనిషి 1939లో పారిస్‌లో రాశాడు. మరుసటి ఏడు నవంబరులో బార్సిలోనాలో మొదటిసారి వాయించారు. సమస్య ఏమిటంటే గిటారు గొంతు చిన్నది, వీణలాగే. ఆర్కెస్ట్రా పక్కన పెడితే మునిగిపోతుంది. రికార్డింగుల్లో చాలామంది గిటారుని ఏనుగంత చేసి చూపిస్తారు. వేలు తీగమీద జారిన కీచు, ఆర్కెస్ట్రా మొత్తం కంటే పెద్దగా వినబడుతుంది. నార్సీసో యెపెస్ 1950లలో అర్హెంతాతోనే వాయించిన పాత రికార్డింగులో టేపు బుసబుస ఉంది, తీగవాయిద్యాలు పలచన. అయినా రెండో భాగంలో గిటారు మెల్లగా తీగలు దులుపుతుంటే కోర్ ఆంగ్లే ఆ పాట ఎత్తుకునేచోట ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఉన్నట్టుంటుంది. మాస్టారు కచేరీకి నేను వీణకి కాంటాక్టు మైకు అతికించి పెంచిన రోజున "ఇది నా వీణ కాదురా" అన్నారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు రాదు.

శ్రావణం వచ్చింది. మొదటి పెళ్ళికి ఉండబట్టలేక ఒక ప్రయోగం చేశాను. మేళానికి పెట్టే ఐదు మైకులు తీసేసి, మంచివి మూడు, స్టాండ్లు పూర్తిగా ఎత్తి, నాలుగడుగులు ముందు పెట్టాను. మిక్సరు దగ్గర హెడ్‌ఫోన్లో విన్నాను. సన్నాయి ఎడమ, డోలు కుడి, తాళం వెనక, వాటి వెనక వంటవాళ్ళ గిన్నెల మోత, ఎవరో పిల్లాడి ఏడుపు. పందిరి పందిరంతా ఉంది. డోలాయన తల తిప్పి నవ్వాడు కూడా.

పది నిమిషాలకి పెళ్ళికూతురి తండ్రి తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, సౌండేదీ? బస్టాండు దాకా వినబడాలని చెప్పానా లేదా?"

ఐదూ తెచ్చి మూతికి ఆనించి పెట్టాను.